రెట్రో సెన్సార్‌కు ఏ రిఫ్లెక్టర్: రకాల వారీగా సమీక్ష

రెట్రో రిఫ్లెక్టివ్ సెన్సార్ అంటే కాంతిని పంపి, ఎదురుగా ఉన్న రిఫ్లెక్టర్ నుంచి తిరిగొచ్చేదాన్ని చూస్తూ, మధ్యలో వస్తువు అడ్డొస్తే గుర్తించేది. దాన్ని కొనేటప్పుడు ఔట్‌పుట్ ఎన్‌పీఎన్ కావాలా పీఎన్‌పీ కావాలా, కేబుల్ టైపా కనెక్టర్ టైపా, రేంజ్ ఎంత అని పది ప్రశ్నలు వేస్తారు. రిఫ్లెక్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం డబ్బాతో వచ్చిందో, స్టోర్స్‌లో మిగిలిందో, ఏదో ఒకటి బిగించేస్తారు. ఆ తర్వాత లైన్ మీద ఉత్తుత్తి సిగ్నళ్లు మొదలవుతాయి. సెన్సార్ మారుస్తారు, కేబుల్ మారుస్తారు, పీఎల్‌సీ (లైన్‌ను నడిపే కంట్రోలర్) ఇన్‌పుట్ కార్డును కూడా అనుమానిస్తారు. రిఫ్లెక్టర్ మీదికి చూపు అన్నిటికన్నా చివర్లో వెళ్తుంది. కాంతి వెళ్లి వచ్చే దారిలో సగం భారం మోసేది ఆ ప్లాస్టిక్ పలకే కాబట్టి, ముందుగా చూడాల్సిందీ దాన్నే. ఎంపికలో కూడా పెద్దదా చిన్నదా అన్నది రెండో ప్రశ్న. సెన్సార్ వేసే కాంతి చుక్కకూ రిఫ్లెక్టర్‌లోని ప్రిజమ్‌కూ పొత్తు కుదిరిందా లేదా అన్నది మొదటిది.

రేంజ్ సంగతి ముందు తేల్చుకుందాం. డేటాషీట్‌లో రాసిన దూరం సెన్సార్ ఒక్కదానిదే కాదు, ఆ సెన్సార్‌కూ ఫలానా రిఫ్లెక్టర్‌కూ కలిపి ఇచ్చినది. ఒమ్రాన్ ఈ3జెడ్-ఆర్61 తీసుకోండి. ఈ39-ఆర్1ఎస్ రిఫ్లెక్టర్‌తో 4 మీటర్లు, ఈ39-ఆర్1తో 3 మీటర్లు అని కేటలాగ్‌లో ఉంటుంది. సెన్సార్ అదే, రిఫ్లెక్టర్ మారితే మీటరు పోయింది. ఆ అంకెల పక్కనే 100 మిల్లీమీటర్లు అని ఇంకొకటి కనిపిస్తుంది. అంతకన్నా దగ్గరగా రిఫ్లెక్టర్ పెట్టొద్దని దాని అర్థం. దూరం ఎక్కువైతే పనిచేయదని అందరికీ తెలుసు. మరీ దగ్గరైనా పనిచేయదన్నది చాలామంది గమనించరు. ఎందుకో తెలియాలంటే పలక లోపలికి చూడాలి.

పలక లోపల ఏముంది

మామూలు ప్రిజమ్ రిఫ్లెక్టర్‌ను వెలుతురులో అటూ ఇటూ వంచి చూస్తే తేనెపట్టులా గళ్లు కనిపిస్తాయి. ఒక్కో గడి అంటే మూడు తలాలు ఒకదానికొకటి లంబంగా కలిసే మూల. లోపలికి వచ్చిన కిరణం మూడు తలాలనూ తాకి, ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ దిక్కుకే సమాంతరంగా వెనక్కి పోతుంది. అందుకే అద్దంలా కచ్చితంగా నిటారుగా నిలబెట్టాల్సిన పని లేదు. 15 డిగ్రీల వరకు వంగినా చాలా రకాలు నమ్మకంగా పనిచేస్తాయి. ఆపైన తిరిగొచ్చే కాంతి త్వరగా పడిపోతుంది.

ఈ మూడు పరావర్తనాలూ ఎలా జరుగుతున్నాయన్నది గుర్తు పెట్టుకోవాలి. మామూలు పలకలో వెనక అద్దపు పూత ఉండదు. ప్రిజమ్ వెనక ఉన్నది గాలి. కాంతి తిరిగి రావడానికి కారణం సంపూర్ణాంతర పరావర్తనం. యాక్రిలిక్ వక్రీభవన గుణకం సుమారు 1.49 కాబట్టి గాలితో దాని సందిగ్ధ కోణం దాదాపు 42 డిగ్రీలు. ఎదురుగా వచ్చిన కిరణం ప్రిజమ్ తలాన్ని దాదాపు 55 డిగ్రీల కోణంలో తాకుతుంది, అంటే సందిగ్ధ కోణం దాటేసింది, మొత్తం కాంతి వెనక్కి వస్తుంది. ఇప్పుడు ప్రిజమ్ వెనక్కి నీళ్లు చేరాయనుకోండి. నీటి వక్రీభవన గుణకం 1.33. సందిగ్ధ కోణం ఒక్కసారిగా 63 డిగ్రీలకు పెరుగుతుంది. 55 డిగ్రీలు ఇక చాలదు. కాంతిలో ఎక్కువ భాగం నీళ్లలోకి జారిపోయి ఆ గళ్లన్నీ నల్లబడతాయి.

పలకకు రంధ్రం పెట్టొద్దు, రంపంతో కోయొద్దు అని గట్టిగా చెప్పేది ఇందుకే. ముందు యాక్రిలిక్ పలకనూ వెనక ఏబీఎస్ ప్లాస్టిక్ మూతనూ చుట్టూ అతికించి మూసేస్తారు. ఆ అతుకు తెగితే వెంటనే ఏమీ తెలియదు. మొదటిసారి నీళ్లతో కడిగినప్పుడో, వాతావరణం చల్లబడి లోపలి గాలి తేమ వదిలినప్పుడో బయటపడుతుంది. అది కూడా ఒక మూల నుంచి మొదలై మెల్లగా పాకుతుంది కాబట్టి, సెన్సార్ కొన్నాళ్లు పనిచేస్తూ కొన్నాళ్లు మొరాయిస్తూ ఉంటుంది. పలక ముందు వైపు మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచినా లోపల మసక మచ్చ పోలేదంటే తేమ చేరిందని అర్థం. ఆరబెట్టి వాడుకుందామని చూడొద్దు, మార్చేయండి. స్క్రూను బలంగా బిగిస్తే స్క్రూ రంధ్రం ఉండే చెవి దగ్గర పుట్టే సన్నటి పగులు కూడా ఇదే పని చేస్తుంది. కింద చదునైన ప్లేటు, స్క్రూ కింద ప్లాస్టిక్ వాషర్, చేతి బిగువు. అంతకు మించి అక్కర్లేదు.

80, 84 మిల్లీమీటర్ల పెద్ద పలకలు

84 మిల్లీమీటర్ల గుండ్రటి పలక దాదాపు అన్ని కంపెనీల దగ్గరా దొరుకుతుంది. బ్యానర్‌లో బీఆర్‌టీ-84, ఐఎఫ్ఎమ్‌లో 80 మిల్లీమీటర్ల ఈ20005, సిక్‌లో చదరంగా ఉండే పీఎల్80ఏ, అన్నీ ఈ తరగతివే. దూరం ఎక్కువ, దుమ్ము ఎక్కువ, పట్టుకోవాల్సిన వస్తువు పెద్దది అనే మూడు షరతులూ కలిసిన చోట వీటికి సాటి లేదు. ప్యాలెట్ కన్వేయర్లు, గిడ్డంగి గేట్లు, ఎత్తైన ర్యాకుల మధ్య తిరిగే క్రేన్ల దారులు వీటి చోట్లు. ఇంకా తేల్చుకోలేకపోతున్నారంటే, స్థలం ఉంటే, మొదట ప్రయత్నించాల్సినదీ ఇదే.

అయితే పెద్దదైతే రేంజ్ ఆ లెక్కన పెరుగుతుందనుకోవడం పొరపాటు. కాంతి చుక్క పలక కన్నా పెద్దదిగా పరుచుకునే దూరంలో, తిరిగొచ్చే కాంతి దూరం నాలుగో ఘాతానికి దగ్గరగా తగ్గుతుంది. అంటే పలక వైశాల్యం రెట్టింపు చేస్తే అందే దూరం సుమారు 1.2 రెట్లే అవుతుంది. నాలుగు పలకలు పక్కపక్కన చదరంగా పెట్టినా 1.4 రెట్లు. ఇక చుక్క పలక కన్నా చిన్నదిగా ఉండే దగ్గరి దూరాల్లో పలక ఎంత పెద్దదైనా సిగ్నల్ పెరగదు, గురి పెట్టడం తేలికవుతుంది, అంతే. ఆ తేలిక కూడా తక్కువేం కాదు. కన్వేయర్ ఫ్రేమ్ ఊగే చోట అదే అసలు లాభం.

పెద్ద పలక తెచ్చే నష్టం ఒకటుంది. రెట్రో సెన్సార్ వస్తువును చూడదు, రిఫ్లెక్టర్ కనిపించడం లేదన్నది మాత్రమే చూస్తుంది. కిరణం సెన్సార్ దగ్గర లెన్స్ అంత సన్నగా మొదలై, పలక దగ్గర పలకంత వెడల్పవుతుంది. పలకకు ఆనుకుని వెళ్లే వస్తువు పలక కన్నా చిన్నదైతే చుట్టుపక్కల గళ్ల నుంచి కాంతి వస్తూనే ఉంటుంది, సెన్సార్ మారదు. 84 మిల్లీమీటర్ల పలక ముందు 50 మిల్లీమీటర్ల డబ్బా ఒకసారి పట్టుబడి ఒకసారి తప్పించుకుంటుంది. సెన్సిటివిటీ తగ్గించి దీన్ని సరిచేద్దామనుకుంటే రిజర్వ్ (అవసరానికి మించి అందే కాంతి) పోతుంది, కాస్త దుమ్ముకే లైన్ ఆగుతుంది. సరైన మార్గం పలకను చిన్నది చేయడం, లేదా వస్తువు సెన్సార్ వైపుకు దగ్గరగా వెళ్లేలా సెన్సార్, పలకల స్థానాలు తారుమారు చేయడం.

40×60, 50×60 తరగతి

లాయిట్సె టీకేఎస్ 40×60, ఒమ్రాన్ ఈ39-ఆర్1 కుటుంబం, ఇలా రోజూ ఎక్కువగా బిగించేవి ఈ కొలతలవే. రెండు మీటర్ల లోపు కార్టన్లు, క్రేట్లు, టోట్లు నడిచే కన్వేయర్‌కు ఇదే సరైన మధ్యస్థ ఎంపిక అని మా గట్టి అభిప్రాయం. రెండు స్క్రూలు, తక్కువ స్థలం, తగినంత రిజర్వ్. కొనేముందు రంధ్రాల మధ్య దూరం కొలిచి చూసుకోండి. ఒకే బయటి కొలత ఉన్న రెండు కంపెనీల పలకల్లో రంధ్రాలు ఒకే చోట ఉంటాయన్న హామీ లేదు. పాత బ్రాకెట్ మీద కొత్త పలక కూర్చోకపోతే, అర్ధరాత్రి షిఫ్టులో దానికి కొత్త రంధ్రం పెట్టే ప్రయత్నం తప్పకుండా జరుగుతుంది. అలా పెడితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం.

వాహనాలకు అంటించే రిఫ్లెక్టర్లను వీటి బదులు వాడే అలవాటు కొన్నిచోట్ల ఉంది. చూడటానికి ఒకటే, పనిలో కాదు. హెడ్‌లైట్ ఒక చోట, నడిపేవారి కన్ను ఇంకొక చోట ఉంటాయి కాబట్టి ఆ రిఫ్లెక్టర్లు కాంతిని కాస్త వెడల్పుగా చెదరగొట్టేలా చేసి ఉంటారు. సెన్సార్‌లో పంపే లెన్స్, అందుకునే లెన్స్ పక్కపక్కనే ఉంటాయి. చెదిరిన కాంతి దానికి అందదు. దూరం పెరిగే కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. పైగా ఆ రంగు ప్లాస్టిక్ సెన్సార్ వాడే తరంగదైర్ఘ్యాన్ని ఎంత మింగేస్తుందో ఎక్కడా రాసి ఉండదు.

సన్న ప్రిజమ్ పలకలు: లేజర్‌కు ఇవి తప్పనిసరి

మామూలు పలకలో ఒక్కో ప్రిజమ్ కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. సన్న ప్రిజమ్ రకాల్లో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దూరం నుంచి చూస్తే గళ్లు కనిపించవు, పలక నునుపుగా, వెండి రంగులో మెరుస్తుంది. సిక్ పేర్లలో చివర ఉండే ఎఫ్ అక్షరం, ఉదాహరణకు పీ250ఎఫ్, దీనికి గుర్తు. లాయిట్సె వీటిని ఎంటీకేఎస్ పేరుతో ఇస్తుంది.

లేజర్ సెన్సార్ చుక్క ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉండొచ్చు. అది మామూలు పలక మీద పడితే ఒక ప్రిజమ్ మధ్యలో పడిందా, రెండు ప్రిజమ్‌ల మధ్య గీత మీద పడిందా అన్నదాన్ని బట్టి సిగ్నల్ మారిపోతుంది. సెటప్ చేసేటప్పుడు చుక్క మంచి చోట పడింది కాబట్టి అంతా బాగుంటుంది. మోటార్ తిరగడం మొదలయ్యాక బ్రాకెట్ అర మిల్లీమీటరు ఊగినా చుక్క గీత మీదికి జారి, వస్తువు లేకుండానే ఔట్‌పుట్ మారుతుంది. పీఎల్‌సీలో ఫిల్టర్ టైమ్ పెంచి దీన్ని కప్పిపుచ్చేవాళ్లున్నారు. వేగంగా నడిచే లైన్‌లో ఆ ఆలస్యం ఇంకో తప్పుకు దారి తీస్తుంది. చుక్క కింద పదుల సంఖ్యలో ప్రిజమ్‌లు ఉండాలి, అప్పుడే అది ఎటు కదిలినా సగటు మారదు. లేజర్ సెన్సార్ ఆర్డర్ చేస్తే అదే వరుసలో సన్న ప్రిజమ్ పలక కూడా రాయాలి, ఇందులో రెండో ఆలోచన వద్దు.

ఏకాక్ష ఆప్టిక్స్ ఉన్న సెన్సార్లకూ, అంటే ఒకే లెన్స్ గుండా పంపి అందుకునే వాటికీ, ఇవే బాగా నప్పుతాయి. వాటికి మరీ దగ్గరి దూరంలో గుడ్డి ప్రాంతం దాదాపు ఉండదు. రెండు లెన్స్‌ల మామూలు సెన్సార్ విషయం వేరు. ప్రిజమ్‌లో పడిన కిరణం మూల బిందువుకు అవతలి వైపు నుంచి బయటికి వస్తుంది, అంటే కొద్దిగా పక్కకు జరుగుతుంది. ప్రిజమ్ పెద్దదైతే జరుగుబాటు పెద్దది, సన్నదైతే దాదాపు లేనట్టే. దగ్గరి దూరంలో ఆ జరుగుబాటే కాంతిని పక్క లెన్స్‌కు చేరుస్తుంది. సన్న ప్రిజమ్ పెడితే కాంతి నేరుగా పంపిన లెన్స్‌లోకే తిరిగిపోతుంది. ఖరీదైన పలక పెట్టాం, అయినా 150 మిల్లీమీటర్ల దగ్గర సెన్సార్ పట్టుకోవడం లేదని వచ్చే ఫిర్యాదుల వెనక ఎక్కువసార్లు ఇదే కారణం. కనీస దూరం అని డేటాషీట్‌లో ఉండే అంకెకు మూలం కూడా ఇదే.

అంటించే టేపులు

స్థలం లేని చోట, వంపు ఉన్న చోట, కదిలే భాగాల మీద టేపు ఒక్కటే దారి. కానీ టేపు అన్న పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి. ఒకటి గాజు పూసల టేపు, ఇంకొకటి సన్న ప్రిజమ్‌ల టేపు. గాజు పూస కాంతిని వెనక్కి పంపుతుంది గానీ దాని పోలరైజేషన్‌ను, అంటే కాంతి కంపించే తలాన్ని, తిప్పదు. తలం తిరిగిన కాంతినే అందుకునే పోలరైజ్డ్ సెన్సార్ ముందు పెడితే రిసీవర్‌కు చీకటే. రిఫ్లెక్టర్ ఎదురుగా ఉన్నా వస్తువు ఉన్నట్టే ఔట్‌పుట్ నిలిచిపోతుంది. ఈ రోజుల్లో ఎర్ర కాంతి రెట్రో సెన్సార్లలో ఎక్కువ భాగం పోలరైజ్డ్ రకమే. అందుకే పోలరైజ్డ్ సెన్సార్‌కు సరిపోతుందని స్పష్టంగా రాసి ఉన్న ప్రిజమ్ టేపు తప్ప వేరేది కొనొద్దు.

ప్రిజమ్ టేపులోనూ గాలి గదులు మూసి ఉంటాయి. కత్తిరించిన చోట అవి తెరుచుకుంటాయి. పొడి వాతావరణంలో ఫర్వాలేదు. తడి చోట అంచుల నుంచి తేమ ఎక్కుతుంది. కావలసిన కొలతకే కోసి, అంచులు మూసి ఇచ్చే ముక్కలు తీసుకోవడం మేలు. చేతితో కోస్తే అంచుకు దగ్గరి ఒకటి రెండు వరుసల గళ్లు పోయాయనే లెక్కేసుకుని, ఆ మేరకు పెద్దగా కోయండి. అంటించే లోహాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, ఒక చివర నుంచి రోలర్‌తో నొక్కుతూ రావాలి. బుడగ మిగిలితే వేడికి ఉబ్బుతుంది. ఆల్కహాల్ లోహానికి మాత్రమే, టేపు ముఖానికి గానీ యాక్రిలిక్ పలకకు గానీ తగలనివ్వొద్దు.

మా తీర్పు: టేపు అవసరమైన చోట మంచి సాధనం, పలకకు చోటున్న దగ్గర వాడితే నష్టం. అదే వైశాల్యంలో పలక ఇచ్చేంత దూరం ఇవ్వదు, కడిగే చోట ఎక్కువ కాలం నిలవదు.

వేడి, చలి, కడుగుడు

యాక్రిలిక్ పలకలకు డేటాషీట్ ఇచ్చే ఉష్ణోగ్రత హద్దు తప్పక చూడాలి. ఓవెన్ బయట, ష్రింక్ టన్నెల్ పక్కన మామూలు పలక మెల్లగా వంకర పోతుంది. ప్రిజమ్ తలాల మధ్య 90 డిగ్రీలు కొద్దిగా చెడినా తిరిగొచ్చే కాంతి చెదిరిపోతుంది. కంటికి ఏ మార్పూ కనిపించకపోవచ్చు. అలాంటి చోట గాజు రిఫ్లెక్టర్ తీసుకోవాలి. ధర ఎక్కువ, కొలత చిన్నది, కానీ వందల డిగ్రీలు తట్టుకునే రకాలు దొరుకుతాయి.

శీతల గిడ్డంగి తలుపుల దగ్గర సమస్య పొగమంచు. తలుపు తెరిచినప్పుడల్లా తేమ గాలి వచ్చి చల్లటి పలక మీద సన్నటి బిందువులుగా పరుచుకుంటుంది. మంచు పట్టనివ్వని పూత ఉన్నవి, ఉదాహరణకు ఒమ్రాన్ ఈ39-ఆర్1కే, కొంతవరకు ఆదుకుంటాయి. తలుపు రోజంతా తెరుచుకునే చోట హీటర్ ఉన్న పలకే నమ్మదగినది. దానికి వేరే సప్లై వైరు కావాలి, ఆ వైరింగ్ ముందే డ్రాయింగ్‌లో పెట్టుకోండి. పలకను వెచ్చగా ఉంచి సెన్సార్ లెన్స్‌ను వదిలేస్తే సగం పనే అవుతుంది, లెన్స్ కూడా మసకబారుతుంది.

ఆహార, ఔషధ పరిశ్రమల్లో ఘాటైన రసాయనాలతో రోజూ కడిగే చోట్లకు స్టెయిన్‌లెస్ ఫ్రేమ్‌లో, రసాయనాలను తట్టుకునే ముఖంతో వచ్చే రకాలున్నాయి. మామూలు యాక్రిలిక్ ఆల్కహాల్, థిన్నర్ తగిలితే సన్నటి వెంట్రుక పగుళ్లు వేస్తుంది. ఆ పగుళ్లు ఒకసారి వచ్చాయంటే పోవు. శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. పొడి దుమ్మును పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు నీళ్లతో జారిపోనివ్వాలి.

మెరిసే వస్తువులు, స్ట్రెచ్ ఫిల్మ్

పోలరైజ్డ్ సెన్సార్ ఎందుకు వచ్చిందో చూస్తే రిఫ్లెక్టర్ పాత్ర తేలిగ్గా అర్థమవుతుంది. సెన్సార్ ఒక తలంలో కంపించే కాంతిని పంపి, దానికి అడ్డంగా 90 డిగ్రీలు తిప్పిన ఫిల్టర్ గుండా అందుకుంటుంది. మెరిసే డబ్బా మీద పడిన కాంతి అదే తలంలో తిరిగొస్తుంది, ఫిల్టర్ ఆపేస్తుంది. ప్రిజమ్‌లో మూడుసార్లు తిరిగిన కాంతి తలం మారిపోయి వస్తుంది, అందులో కొంత భాగం ఫిల్టర్ దాటుతుంది. ఆ విధంగా సెన్సార్ స్టీల్ డబ్బానూ రిఫ్లెక్టర్‌నూ వేరు చేస్తుంది.

ఈ ఏర్పాటును పాడుచేసేది సాగదీసిన ప్లాస్టిక్. ప్యాలెట్‌కు చుట్టిన స్ట్రెచ్ ఫిల్మ్, పీఈటీ పట్టీలు కాంతి తలాన్ని తామే తిప్పేస్తాయి. ఫిల్మ్ కింద మెరిసే ఉపరితలం ఉంటే, కాంతి ఫిల్మ్ గుండా వెళ్లి తిరిగొచ్చి, రిసీవర్‌కు రిఫ్లెక్టర్‌లానే కనిపిస్తుంది. ప్యాలెట్ ఎదురుగా ఉన్నా సెన్సార్ ఖాళీ అంటుంది. ఇక్కడ రిఫ్లెక్టర్ ఎంత మంచిదైనా లాభం లేదు. చేయదగ్గది ఏమిటంటే, సెన్సార్‌నూ పలకనూ కలిపే గీత ప్యాలెట్ ముఖానికి లంబంగా కాకుండా 10 నుంచి 15 డిగ్రీలు వాలి ఉండేలా బిగించడం. ఫిల్మ్ మీది మెరుపు పక్కకు పోతుంది, పలక మాత్రం వచ్చిన దారినే పంపుతుంది. అప్పటికీ తప్పులు వస్తుంటే త్రూ బీమ్‌కు (పంపేది ఒక వైపు, అందుకునేది ఎదురు వైపు ఉండే రకానికి) మారండి, లేదా బ్యాక్‌గ్రౌండ్ సప్రెషన్ రకం (రిఫ్లెక్టర్ లేకుండా, నిర్ణీత దూరం లోపలి వస్తువునే చూసేది) పెట్టండి.

పారదర్శక సీసాలు

గాజును దాటేటప్పుడు ప్రతి ఉపరితలం దగ్గరా సుమారు 4 శాతం కాంతి పోతుంది. ఖాళీ సీసాకు ఒకసారి దాటితే నాలుగు ఉపరితలాలు, వెళ్లి వస్తే ఎనిమిది. 0.96ను ఎనిమిదిసార్లు గుణిస్తే 0.72. అంటే సీసా వచ్చినప్పుడు సిగ్నల్ సుమారు 28 శాతం తగ్గుతుంది. వంపు వల్ల ఇంకొంత పోతుంది. పలుచటి చదునైన షీటుకు అయితే నాలుగు ఉపరితలాలే, తేడా 15 శాతం. త్రూ బీమ్‌తో పోలిస్తే రెట్రోకు ఇక్కడ లాభం: కాంతి రెండుసార్లు దాటుతుంది కాబట్టి తేడా దాదాపు రెట్టింపు కనిపిస్తుంది.

ఇంత చిన్న తేడా మీద నిర్ణయం తీసుకునే సెన్సార్‌కు రిఫ్లెక్టర్ సిగ్నల్ నిలకడగా ఉండాలి. సన్న ప్రిజమ్ పలక, గట్టి బ్రాకెట్, క్రమం తప్పని తుడుపు, ఈ మూడూ ఉండాలి. పలక మీద 10 శాతం మసక చేరితే పలుచటి షీటును పట్టే మార్జిన్‌లో ఎక్కువ భాగం అక్కడే పోయినట్టు. పలక తుడిచినా, మార్చినా సెన్సార్‌ను మళ్లీ టీచ్ చేయాలి, అంటే సీసా లేనప్పటి సిగ్నల్‌ను కొత్తగా నేర్పాలి. దుమ్మును బట్టి హద్దును తనంతట తాను సర్దుకునే సెన్సార్లు ఉన్నాయి, సీసాల లైన్‌కు వాటి అదనపు ధర చెల్లించడం దండగ కాదు.

రిజర్వ్ ఎంత ఉంచాలి

సెన్సార్ మారడానికి కావలసిన కనీస కాంతికి ఎన్ని రెట్లు అందుతోందో అదే రిజర్వ్. ఆచరణలో అంగీకరించిన అంకెలు ఇవి: శుభ్రమైన గాలిలో 1.5 రెట్లు, కాస్త దుమ్ము ఉంటే 5, మధ్యస్థంగా మురికైతే 10, బాగా మురికైన చోట 50. సెన్సార్ గరిష్ఠ రేంజ్ దగ్గర ఈ విలువ 1కి పడిపోతుంది కాబట్టి, 4 మీటర్ల సెన్సార్‌ను 4 మీటర్ల దగ్గర బిగిస్తే మొదటి రోజే అంచున నిలబడ్డట్టు. డేటాషీట్‌లోని వక్రరేఖలో మీ దూరం దగ్గర విలువ చదవండి, మీ రిఫ్లెక్టర్‌కు ఉన్న రేఖనే చదవండి.

దుమ్ము ఎందుకంత దెబ్బతీస్తుందో లెక్క చూడండి. సెన్సార్ ముఖం మీదా, పలక ముఖం మీదా కాంతిలో 70 శాతమే దాటనిచ్చే పొర ఉందనుకుందాం. సెన్సార్ నుంచి బయటికి ఒకసారి, పలకలోకి ఒకసారి, పలక నుంచి ఒకసారి, సెన్సార్‌లోకి ఒకసారి, మొత్తం నాలుగుసార్లు ఆ పొర అడ్డొస్తుంది. 0.7ను నాలుగుసార్లు గుణిస్తే 0.24. అంటే నాలుగు రెట్లకు పైగా రిజర్వ్ ఈ ఒక్క పలుచటి పొరకే ఖర్చవుతుంది. త్రూ బీమ్‌లో అదే పొర రెండుసార్లే అడ్డొస్తుంది. సిమెంటు, పిండి, రంపపు పొట్టు ఎగిరే చోట రెట్రో బదులు త్రూ బీమ్ అడగడానికి ఇదే కారణం. పలక ఆకాశం వైపు చూసేలా ఎప్పుడూ బిగించొద్దు, దుమ్ము దాని మీదే దిగుతుంది. నిలువు ముఖం మేలు.

బిగించి, గురి పెట్టి, పరీక్షించడం

ముందు పలకను బిగించండి, తర్వాత సెన్సార్‌ను తిప్పండి. సెన్సార్‌ను మెల్లగా ఎడమకు తిప్పి సిగ్నల్ దీపం ఆరిన చోట గుర్తు పెట్టండి, కుడికి తిప్పి ఆరిన చోట ఇంకో గుర్తు. రెండింటి మధ్యలో నిలపండి. పైకీ కిందికీ కూడా ఇదే. దీపం వెలిగింది కదా అని మొదటి చోటే బిగిస్తే అంచున ఉండిపోతుంది, రెండు వారాల కంపనానికే జారుతుంది.

గురి కుదిరాక పలకలో సగాన్ని నల్లటి మందపాటి కాగితంతో మూయండి. సెన్సార్ ఇంకా పలకను పట్టుకుని ఉంటే రిజర్వ్ సుమారు రెండు రెట్లు ఉన్నట్టు. ముప్పావు మూసినా పట్టుకుంటే నాలుగు. ఈ పరీక్ష చుక్క పలక మొత్తాన్ని కప్పే దూరంలోనే నిజం చెబుతుంది. లేజర్‌కు ఇది చెల్లదు. తర్వాత పలకను పూర్తిగా మూసి ఔట్‌పుట్ మారుతోందో లేదో చూడండి. మూసినా మారకపోతే సెన్సార్ పలక వెనక ఉన్న మెరిసే ఫ్రేమ్‌నో, పక్క సెన్సార్ పలకనో చూస్తోంది. చివరగా లైన్ మీద నడిచే అతి చిన్న వస్తువునూ, అతి మెరిసే వస్తువునూ పలకకు దగ్గరగా ఒకసారి, సెన్సార్‌కు దగ్గరగా ఒకసారి పెట్టి చూడాలి.

రెండు జంటలు పక్కపక్కన ఉంటే ఒకదాని సెన్సార్ పక్కన ఇంకోదాని పలక వచ్చేలా ఎదురెదురు దిక్కుల్లో బిగించండి. అలా వీలుకాకపోతే మధ్య దూరం పెంచండి, పలక చిన్నది పెట్టండి. పెద్ద పలక రెండు సెన్సార్ల కాంతినీ తిప్పి పంపగలదు.

మనుషుల రక్షణకు ఈ సెన్సార్లూ పలకలూ చేసినవి కావు. యంత్రం దగ్గర చేయి ఆపాల్సిన చోట ధ్రువీకరించిన సేఫ్టీ లైట్ కర్టెన్ వేరే పెట్టాలి.

ఆర్డర్ రాసేటప్పుడు పలకకు వేరే వరుస కేటాయించి పార్ట్ నంబర్, ప్రిజమ్ రకం, పోలరైజ్డ్‌కు సరిపోతుందా, ఉష్ణోగ్రత హద్దు, రంధ్రాల మధ్య దూరం, ఈ ఐదూ రాయండి. స్టోర్స్‌లో స్పేర్ సెన్సార్ పక్కనే అదే జంట పలకను కూడా ఉంచి, ఆ సంచి మీద సెన్సార్ నంబర్ రాసి పెట్టండి.